సెప్టెంబరులో బాలి: పది రోజులు, రెండు లెన్సులు, ఏ డైవ్ స్థలాలు?

లోతుచూపు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సెప్టెంబరు రెండో వారంలో పది రోజుల కోసం బాలికి వస్తున్నాను. నీటి అడుగున ఫోటోలు తీయడం తప్ప ఈ ప్రయాణంలో నాకు వేరే పని లేదు. ఇప్పటికి అరవై రెండు డైవ్‌లు పూర్తయ్యాయి. అడ్వాన్స్‌డ్, నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) సర్టిఫికెట్లు రెండూ ఉన్నాయి. అయితే ఆ అరవై రెండింటిలో ఎక్కువ భాగం ప్రవాహం అంతగా లేని నీటిలో చేసినవేనని, ప్రవాహంతో పాటు సాగిపోతూ చేసే డ్రిఫ్ట్ డైవ్‌లు నాలుగుకు మించవని ముందే చెప్పడం మంచిది.

నా దగ్గర ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, దాని హౌసింగ్ (నీరు చొరని పెట్టె), రెండు స్ట్రోబులు (నీటి అడుగున వాడే ఫ్లాష్ దీపాలు), చిన్న ప్రాణులను తీయడానికి ఒక 100 ఎం.ఎం. మ్యాక్రో లెన్సు, చాలా వెడల్పైన దృశ్యాన్ని పట్టే ఒక ఫిష్ఐ లెన్సు ఉన్నాయి. నీళ్లలోకి దిగాక లెన్సు మార్చే వీలు లేదు కనుక, ఏ స్థలంలో ఏ లెన్సు పెట్టుకోవాలో ఒడ్డునే తేల్చుకోవలసి వస్తుంది. నా అసలు ఇబ్బంది అదే.

ప్రస్తుతానికి వేసుకున్న ప్రణాళిక ఇది: పాదంగ్‌బాయిలో రెండు రోజులు, నుసా పెనిదా ద్వీపంలో రెండు, తులంబెన్‌లో రెండు, పురి జాతిలో రెండు, చివరగా మెంజంగన్ ద్వీపం దగ్గర రెండు. మోలా (సన్‌ఫిష్ అనే పెద్ద చేప), మంటా రే, లిబర్టీ ఓడ శిథిలం, హార్లెక్విన్ రొయ్య, మిమిక్ ఆక్టోపస్, పిగ్మీ సీహార్స్, ఈ ఆరూ దక్కితే చాలనుకుంటున్నాను. ఇది సాధ్యమయ్యే పనేనా? అక్కడ ఉంటున్నవారు, అక్కడ ఫోటోలు తీసినవారు నిర్మొహమాటంగా చెప్పగలరు.


నల్లఇసుక

లోతుచూపు గారూ, నిర్మొహమాటంగా అన్నారు కనుక అలాగే చెబుతాను. పది రోజుల్లో అయిదు చోట్లంటే మీరు ఫోటోల కంటే ఎక్కువగా సామాను సర్దుతారు. పెట్టె తెరవడం, హౌసింగ్ బిగించడం, నీరు చొరకుండా ఆపే ఓ-రింగులు తుడవడం, మళ్లీ విప్పి వ్యానులో ఎక్కించడం, కొత్త గైడుకు మీకేం కావాలో మొదటి నుంచి వివరించడం, ఇవన్నీ అయిదుసార్లు చేయాలి. పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలన్నది ఇలాంటి ప్రణాళికల గురించే. నేను తులంబెన్‌లో ఏడేళ్లుగా గైడుగా పని చేస్తున్నాను కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకునే చదవండి.

నా సలహా ఏమిటంటే, కనీసం అయిదు రోజులు తులంబెన్‌కే ఇవ్వండి. మీ పట్టికలోని లిబర్టీ ఓడ, హార్లెక్విన్ రొయ్య రెండూ ఇక్కడే ఉన్నాయి. పైగా ఇవి ఒడ్డు నుంచి నడిచి దిగే డైవ్‌లు కనుక పడవ వేళలకు కట్టుబడనక్కరలేదు. పొద్దున ఫిష్ఐతో ఒక డైవ్ చేసి, గదికి వచ్చి లెన్సు మార్చుకుని, మధ్యాహ్నం మ్యాక్రోతో దిగవచ్చు. మీరు ఇబ్బంది అన్నది చాలావరకు ఇక్కడ సమసిపోతుంది.

లిబర్టీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని సరిగా తీసినవాళ్లు తక్కువ. ఇది అమెరికా సైన్యం వాడిన సరుకుల ఓడ. 1942 జనవరి 11న లోంబోక్ జలసంధి సమీపంలో జపాను జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడో తగిలింది. ఉత్తర తీరంలోని సింగరాజా రేవుకు లాక్కుపోతుండగా నీళ్లు ఎక్కువై, ఇక సాగదని తులంబెన్ ఒడ్డున నిలిపేశారు. ఇరవై ఏళ్లకు పైగా అది ఒడ్డునే ఉంది. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ ప్రకంపనలకు జారి నీటిలోకి వెళ్లింది. ఇప్పుడు దాదాపు 120 మీటర్ల పొడవున, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఒరిగి పడి ఉంది. దాని మీది అంచు అయిదు మీటర్ల లోతులోనే దొరుకుతుంది, అడుగు భాగం ముప్పై మీటర్ల దగ్గర ఇసుకకు తగులుతుంది.

కొత్తగా వచ్చిన ఫోటోగ్రాఫర్లు ఓడ మొత్తాన్ని ఒక్క ఫ్రేములో పట్టాలని వెనక్కి వెనక్కి ఈదుతారు. నీటి స్పష్టత పదిహేను, ఇరవై మీటర్లున్నప్పుడు 120 మీటర్ల ఓడ ఒక ఫోటోలో ఎలా వస్తుంది? వచ్చేది బూడిదరంగు మసక మాత్రమే. ఓడను ముక్కలుగా చూడండి. పక్కటెముకల్లా నిలబడిన ఇనుప చట్రాలు, వాటిని కప్పేసిన మెత్తటి పగడాలు, సరుకుల గది లోంచి పైకి చూస్తే పడే నీలి వెలుగు, వీటిలో ఒకదాన్ని ఎంచుకుని దానికి అర మీటరు దూరంలోకి వెళ్లండి. వెనుక ఒక డైవరు చిన్న నీడలా ఉంటే ఓడ పరిమాణం దానంతటదే తెలుస్తుంది. నీరు ఎరుపును అయిదారు మీటర్లకే మింగడం మొదలుపెడుతుంది కనుక, పగడాల అసలు రంగు కావాలంటే మీ స్ట్రోబుకూ పగడానికీ మధ్య నీరు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

వేళ కూడా ముఖ్యం. తొమ్మిది దాటితే దక్షిణం నుంచి పగటి యాత్రికుల వ్యానులు వస్తాయి, ఓడ చుట్టూ బుడగలే బుడగలు. తెల్లవారుతుండగా, అంటే ఆరింటికి కాస్త అటూ ఇటూగా నీళ్లలో ఉంటే, రాత్రంతా శిథిలంలో తలదాచుకున్న బంప్‌హెడ్ ప్యారట్ చేపలు గుంపుగా బయలుదేరడం కనిపిస్తుంది. ఒక్కొక్కటి మీటరు పైచిలుకు పొడవు, నుదుటి మీద బుడిపె. వాటి వెంట ఈదకండి. అవి పోయే దారిలో ముందే చేరి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ ఆగి ఉండండి. మీరు తరమకపోతే అవే మీ డోమ్ పోర్టు (లెన్సు ముందుండే గుండ్రటి గాజు) ముందు నుంచి వెళ్తాయి. పొద్దు పొడిచేది సముద్రం వైపు నుంచే కాబట్టి ఆ వేళకు ఓడ మీద ఏటవాలు వెలుగు కూడా ఉంటుంది. నైట్రాక్స్ సర్టిఫికెట్ ఉందన్నారు, ఇక్కడ అది నిజంగా పనికొస్తుంది: 32 శాతం మిశ్రమానికి లోతు పరిమితి సుమారు 33 మీటర్లు, ఓడ అడుగు దానికి లోపలే.

మ్యాక్రోకు సెరాయా వైపు వెళ్లండి, ఇక్కడికి చాలా దగ్గర. చూడటానికి అది వట్టి నల్ల ఇసుక వాలు. మొదటిసారి దిగినవారు మోసపోయామనే అనుకుంటారు. కాస్త ఓపిక పడితే హార్లెక్విన్ రొయ్య, టైగర్ రొయ్య, గోస్ట్ పైప్‌ఫిష్, రకరకాల నూడిబ్రాంకులు (గుల్ల లేని రంగుల సముద్రపు నత్తలు) దొరుకుతాయి. హార్లెక్విన్ రొయ్యలు నక్షత్ర చేపలను మాత్రమే తిని బతుకుతాయి, జంటగా ఉంటాయి, చోటు తొందరగా మార్చవు. అందుకే ఎక్కడ ఉన్నాయో స్థానిక గైడుకు తెలిసి ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది. నల్ల ఇసుకను చూసి ఆటోమేటిక్ ఫ్లాష్ వెలుతురు చాలలేదనుకుని ఎక్కువ కాంతి వేస్తుంది, తెల్లటి రొయ్య కాస్తా పాలిపోతుంది. స్ట్రోబులను మాన్యువల్‌లో పెట్టి, మొదటి రెండు మూడు ఫోటోలు చూసుకుని తగ్గించండి. ఫిన్‌లు ఇసుకకు తగిలితే లేచే దుమ్ము తగ్గడానికి చాలాసేపు పడుతుంది, మీ వెనుక వచ్చేవారు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.


ఎదురుప్రవాహం

నల్లఇసుక గారు పెనిదా మాట ఎత్తలేదు కనుక నేను రాస్తున్నాను. అక్కడ నేను ఎన్నో సీజన్లు డైవ్ చేశాను.

మంటాల కోసం పెనిదా దక్షిణ తీరంలోని మంటా పాయింటుకు వెళ్లవచ్చు, మీ అనుభవానికి అది సరిపోతుంది. లోతు తక్కువ, మంటాలు శుభ్రపరిచే చేపల కోసం వచ్చే చోటు కావడంతో పదే పదే తిరిగి వస్తాయి. అలల ఊపు మాత్రం బలంగా ఉంటుంది, పడవలోనే కడుపు తిప్పేవారు ముందు జాగ్రత్త తీసుకోవాలి. స్ట్రోబులు ఆపేసి సహజ కాంతిలో తీయండి. నీళ్లలో ప్లవకాలు (తేలే సూక్ష్మజీవులు) ఎక్కువ, మంటా రెక్క మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. ఫ్లాష్ వేస్తే మంటా కాదు, తెల్లటి చుక్కలే వెలుగుతాయి. వీలైతే పొట్ట భాగం ఒక్కటైనా స్పష్టంగా తీయండి. పొట్ట మీది మచ్చల అమరిక ఒక్కో మంటాకు ఒక్కో విధంగా ఉంటుంది, పరిశోధకులు వాటిని గుర్తుపట్టేది దాని ఆధారంగానే. ఇండోనేషియా 2014లో మంటాలకు దేశవ్యాప్తంగా పూర్తి రక్షణ కల్పించింది. తాకడం, దారికి అడ్డుపడటం, కింద నుంచి వాటి మీదికి బుడగలు వదలడం ఎక్కడా ఒప్పరు.

మోలా విషయానికి వస్తే, నాకు కొంత సంకోచం ఉంది. సీజను సరిగ్గా మీరు వచ్చేదే: జూలై నుంచి అక్టోబరు దాకా. పేరున్న చోటు పెనిదాలోని క్రిస్టల్ బే. పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రంలోకి ప్రవహించే నీటికి లోంబోక్ జలసంధి ఒక ప్రధాన ద్వారం. ఆ ఇరుకులో, ఆగ్నేయ గాలుల కాలంలో, లోతుల్లోని చల్లటి నీరు పైకి వస్తుంది. దానితో పాటే మోలాలు పైకి వచ్చి, పగడపు దిబ్బ మీది బ్యానర్ చేపల చేత పరాన్నజీవులను తీయించుకుంటాయి. అంటే మోలాను తెచ్చేదీ, డైవరును ఇబ్బంది పెట్టేదీ ఒకే నీరు. ఇరవై ఎనిమిది డిగ్రీల నీటిలోంచి ఒక్క గజం కిందికి దిగితే ఇరవై లోపుకు పడిపోవచ్చు. దిబ్బ మూల దగ్గర ప్రవాహం కిందికి లాగుతుంది. అక్కడ అనుభవజ్ఞుల ప్రాణాలు కూడా పోయాయి. కెమెరా హౌసింగ్‌ను, రెండు స్ట్రోబుల చేతులను పట్టుకుని, ఒక కన్ను తెరకు అతికించి ఉన్న మనిషి ఆ ప్రవాహాన్ని అందరికంటే ఆలస్యంగా గమనిస్తాడు.

నాలుగు డ్రిఫ్ట్ డైవ్‌లు సరిపోవని నా అభిప్రాయం. వెళ్లకుండా ఉండలేనంటే, మొదటి డైవ్ కెమెరా లేకుండా చేయండి. అమావాస్య, పౌర్ణమి రోజులను వదిలేయండి, అప్పుడు పోటు పాట్ల తేడా ఎక్కువై ప్రవాహం పెరుగుతుంది. గైడుకు ఇద్దరి కంటే ఎక్కువ మంది ఉండకూడదని ముందే మాట్లాడుకోండి, ఉపరితల సూచిక బోయాను (మీరెక్కడున్నారో పడవకు తెలిపే, గాలి నింపిన గొట్టం) మీరే వదలగలిగి ఉండాలి.

ఇంకొక చిన్న సంగతి. ఫోటో కింద "మోలా మోలా" అని రాయకండి. అందరూ అలాగే పిలుస్తారు కానీ, బాలి దగ్గర కనిపించేది ఎక్కువగా మోలా అలెగ్జాండ్రిని అనే వేరే జాతి. పోటీలకు పంపేటప్పుడు ఇది పట్టింపుకు వస్తుంది.


లోతుచూపు

ఇద్దరికీ ధన్యవాదాలు. పాదంగ్‌బాయిని తీసేశాను. క్రిస్టల్ బే గురించి చదివాక మోలా కోరిక సగం చల్లారింది, మిగిలిన సగం ఇంకా ఉంది. ఒక్క డైవ్ కెమెరా లేకుండా చేసి, గైడు సరేనంటేనే రెండోది కెమెరాతో చేస్తాను. రెండు సందేహాలు: అంత చల్లటి నీటిలోకి ఫిష్ఐతో దిగినప్పుడు హౌసింగ్ లోపల ఏమైనా తేడా వస్తుందా? పిగ్మీ సీహార్స్ కోసం మెంజంగన్ దాకా వెళ్లడం నిజంగా అవసరమా?


ఓరింగు

మొదటి సందేహానికి నా అనుభవమే సమాధానం. నాలుగేళ్ల కిందట క్రిస్టల్ బేలో మోలా నా ముందు మూడు మీటర్ల దూరంలో, పొద్దుతిరుగుడు పువ్వు తిరిగినట్టు నెమ్మదిగా పక్కకు తిరిగి నిలబడింది. నా డోమ్ పోర్టు లోపలి నుంచి ఆవిరి పట్టి పాలగ్లాసులా ఉంది. నలభై ఫోటోలు తీశాను, ఒక్కదాంట్లోనూ చేప లేదు.

జరిగింది ఇది. పడవ మీద, ఎండలో, చెమట పట్టిన చేతులతో హౌసింగ్ తెరిచి బ్యాటరీ మార్చి మూశాను. ఆ వేడి గాలిలోని తేమంతా లోపల బందీ అయింది. పద్దెనిమిది డిగ్రీల నీరు తగిలి గాజు చల్లబడగానే ఆ తేమ దాని మీద వాలింది. అందుచేత హౌసింగ్‌ను రాత్రే, ఏసీ నడుస్తున్న గదిలో మూయండి, అక్కడి గాలి పొడిగా ఉంటుంది. లోపల రెండు సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, వాక్యూమ్ పరీక్ష (లోపలి గాలి లాగి, ఎక్కడైనా చొరబడుతుందేమో చూడటం) చేసి, మర్నాడు డైవ్ ముగిసేదాకా తెరవకండి. బ్యాటరీ, కార్డు ఆ లెక్కకు సరిపోయేలా చూసుకోండి. పడవ మీద హౌసింగ్‌ను తడి తువ్వాలు కింద నీడలో ఉంచండి. కడిగే తొట్టిలో పది కెమెరాలతో కలిపి వదిలేయడం కూడా మంచిది కాదు. ఒకరి స్ట్రోబు చెయ్యి ఇంకొకరి మీట మీద పడి తాళం వదులయ్యే ప్రమాదం ఉంది.

మోలా కనిపించినప్పుడు ఒక మర్యాద పాటించాలి. అది శుభ్రం చేయించుకోవడం మొదలుపెట్టే దాకా ఎవరూ కదలకూడదు. మొదటి మనిషి తొందరపడితే అది లోతుకు వెళ్లిపోతుంది, మిగతా పదిమంది అంత దూరం వచ్చింది ఆ మనిషి వీపు చూడటానికే అవుతుంది. వెనుక నుంచి, కింద నుంచి దాన్ని సమీపించకండి.


పడమటితీరం

మెంజంగన్ అవసరమా అని అడిగారు. పిగ్మీ సీహార్స్ ఒక్కదాని కోసమైతే అంత దూరం అక్కర్లేదు. అది గోర్గోనియన్ పగడపు విసనకర్ర మీద, దాని మొటిమలనే అనుకరిస్తూ ఉంటుంది. ఎదిగినా సుమారు రెండు సెంటీమీటర్లే. తులంబెన్ గైడును అడిగినా ఆ పగడాలు ఎక్కడున్నాయో చెప్పగలడు.

మెంజంగన్‌కు వెళ్లవలసిన కారణం వేరు. అది పశ్చిమ బాలి జాతీయ వనంలో భాగం. నిలువు గోడలు, వాటి మీద పెద్ద పెద్ద పగడపు విసనకర్రలు, ప్రవాహం స్వల్పం, నీరు చాలా రోజులు తేటగా ఉంటుంది. ఫిష్ఐతో సూర్యబింబాన్ని ఫ్రేములో పెట్టి గోడను తీయాలనుకునేవారికి బాలిలో ఇంతకంటే సులువైన చోటు లేదని నా నమ్మకం. పెనిదాలో గడపబోయే రెండో రోజును ఇక్కడికి మార్చినా నష్టపోరు. ఇది నా అభిప్రాయం మాత్రమే, ఎదురుప్రవాహం గారు ఒప్పుకోకపోవచ్చు.

దారిలోనే ఉత్తర తీరాన పురి జాతి వస్తుంది. మిమిక్ ఆక్టోపస్‌ను మనుషులు మొదట గమనించింది 1998లో, సులవేసి తీరంలో. దానికి శాస్త్రీయనామం పెట్టింది 2005లో. పురి జాతిలో అది కనిపిస్తుంది కానీ హామీ లేదు. గడ్డి, బురద ఇసుక, మూడు నుంచి పది మీటర్ల లోతు. మ్యాక్రో లెన్సుతో ఒక గంటన్నర సాగే డైవ్‌కు సిద్ధపడి దిగండి. ఆక్టోపస్ కనబడగానే దగ్గరకు పోకుండా రెండు మీటర్ల దూరంలో ఇసుకకు కొంచెం పైగా ఆగిపోండి. దానికి మీరు అలవాటైతేనే రూపాలు మారుస్తుంది. గైడు కర్రతో కదిలిస్తానంటే వద్దనండి. కదిలించిన జంతువు భయంతో ఉన్న జంతువే, ఫోటోలో అది తెలిసిపోతుంది.


ఎదురుప్రవాహం

ఒప్పుకుంటున్నాను. మోలాకు పెనిదాలో రెండు రోజులు చాలవు, మంటాలకైతే ఒక్క రోజు చాలు. మోలా కోసం నిజంగా రావాలంటే మరోసారి, ఇంకో నలభై డైవ్‌లు చేసి, వారం రోజులు పెనిదాలోనే ఉండేలా రండి.


లోతుచూపు

సరే, మోలాను వాయిదా వేశాను. ఇప్పుడు మంటాలకు ఒక రోజు, తులంబెన్‌కు అయిదు, పురి జాతికి ఒకటి, మెంజంగన్‌కు రెండు అనుకుంటున్నాను. ఏది ముందు, ఏది వెనుక? విమానం చివరి రోజు రాత్రి పదకొండింటికి.


నల్లఇసుక

దక్షిణం నుంచి మొదలుపెట్టండి. సనూర్ నుంచి పెనిదాకు వేగపు పడవలో ముప్పావుగంట లోపే, కాబట్టి మొదటి రోజు మంటాలు చూసి, రెండో రోజు పొద్దున్నే తులంబెన్‌కు బయలుదేరండి. తీరం వెంట కరంగాసెం మీదుగా వచ్చే దారి పట్టండి. కొందరు డ్రైవర్లు చూడటానికి బాగుంటుందని కింతామణి మీదుగా తీసుకొస్తారు. ఆ అగ్నిపర్వతపు అంచు సముద్రమట్టానికి సుమారు 1500 మీటర్ల ఎత్తులో ఉంది. ముందు రోజు డైవ్ వల్ల ఒంట్లో నైట్రోజన్ ఇంకా మిగిలి ఉన్నవారికి, గాలి ఒత్తిడి తగ్గే ఆ ఎత్తు విమానంలో కూర్చోవడానికి దగ్గరగా ఉంటుంది, అది ప్రమాదం. ఇదే లెక్క తిరుగు ప్రయాణానికీ వర్తిస్తుంది: మెంజంగన్ నుంచి దక్షిణానికి బెదుగుల్ కొండల మీదుగా కాకుండా పడమటి తీరపు దారిలో, గిలిమానుక్ వైపు నుంచి రమ్మని డ్రైవరుకు ముందే చెప్పండి. దూరం కొంత ఎక్కువైనా సరే.

వరుసగా చాలా రోజులు డైవ్ చేసినవారు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటల విరామం ఇవ్వాలి. మీ విమానం రాత్రి పదకొండింటికి కనుక, మెంజంగన్‌లో చివరి డైవ్ అంతకు ముందు రోజు సాయంత్రంలోగా ముగిస్తే సరిపోతుంది. చివరి రోజున పొద్దున ఇంకొక్క డైవ్ చేస్తే ఏమవుతుందని అనిపిస్తుంది, చేయకండి. ఆ పూట హౌసింగ్‌ను మంచినీళ్లలో గంటసేపు నానబెట్టి, మీటలన్నీ ఒక్కొక్కటిగా నొక్కి ఉప్పు వదిలించి ఆరబెట్టుకోవడానికి పనికొస్తుంది. లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోండి, స్ట్రోబుల్లోంచి కూడా తీసి.

తులంబెన్ చేరాక మొదటి రోజు మధ్యాహ్నం మ్యాక్రోతో సెరాయాలో దిగుదాం, ఓడను మర్నాడు తెల్లవారుజామునే చూద్దాం. అయిదున్నరకు ఒడ్డున ఉండాలి. ఆ ఒడ్డంతా గుండ్రటి రాళ్లు, అల వచ్చినప్పుడు కాళ్ల కింద దొర్లుతాయి. గట్టి అడుగున్న బూట్లు తెచ్చుకోండి, కెమెరాను మాత్రం నడుము లోతు నీళ్లలోకి వెళ్లాక నేనే మీ చేతికి అందిస్తాను.